మామ మోసిన మట్టి

మా అమ్మ లోకంలోని మనుషులందరినీ రెండు రకాలుగా చూస్తుంది. కూలోళ్ల పక్కన కూర్చుని వాళ్ల కంచంలో తిన్నవాళ్లు ఒక రకం, తిననివాళ్లు ఇంకో రకం. మొదటి రకంవాళ్లు ఏం చేసినా ఆమెకు తప్పు కనపడదు. ఈ ఒక్క కొలతతోనే బతుకంతా లాక్కొచ్చింది. నేను ఆమెలాంటిదాన్ని కాదు. నాకు కోపం ఎక్కువ, నమ్మకం తక్కువ. అందుకే మామ సంగతి నేను చెబితే ఒక తీరుగా ఉంటుంది, ఆమె చెబితే ఇంకో తీరుగా ఉంటుంది. ఆమె ఇప్పుడు ఎక్కువ మాట్లాడటం లేదు కాబట్టి నేనే చెబుతున్నాను.

మాది మాచర్ల దాటాక అడవి అంచున ఉన్న ఊరు. మేం దూదేకులవాళ్లం. నాన్న దూదేకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులు కుట్టేవాడు. అమ్మ మిరపచేలకు కూలికి పోయేది. మామ మాకు చుట్టం కాదు. ఊళ్లో పెద్ద కమతం ఉన్న ఆసామి చిన్నకొడుకు. ఆయన పసితనంలో తల్లి మంచాన పడితే, వాళ్లింట్లో పనికున్న మా అమ్మే చంకనేసుకుని తిప్పింది. అప్పటికి ఆమె కూడా లంగా కట్టుకునే పిల్లే. అట్లా ఆమె ఆయనకు అక్క అయింది, ఆయన నాకు మామ అయ్యాడు. తర్వాత ఆయన ఎన్నో ఊళ్లకు ‘అన్న’ అయ్యాడు. మా ఇంట్లో మాత్రం చివరిదాకా మామే.

ఆయన గురజాలలో చదువుకునే రోజుల్లో, ఒక ఏడు కోతల ముందు ఆడకూలీలు కూలి పెంచమన్నారు. ఆసాములు కుదరదన్నారు. పండిన కాయ చెట్టు మీదే ఎండిపోతోంది. వేరే ఊళ్ల నుంచి కూలీలను ట్రాక్టర్‌లో తెచ్చారు. ఆ ట్రాక్టర్ ముందు రోడ్డు మీద అడ్డంగా పడుకున్నది మామ. ట్రాక్టర్ వాళ్ల నాన్నదే. ఆ పెద్దాయన కర్ర పుచ్చుకుని వచ్చి, జనమంతా చూస్తుండగా కొడుకు వీపు వాయగొట్టి, ఇంకోసారి నా గడప తొక్కావంటే నరుకుతానని చెప్పి వెళ్లాడు. మామ లేచి, దుమ్ము దులుపుకుని, తిన్నగా మా ఇంటికొచ్చి ‘అక్కా, ఆకలవుతంది’ అన్నాడు. అమ్మ తన ముందున్న కంచమే ఆయన ముందుకు జరిపింది. ఇద్దరూ అందులోనే తిన్నారు. మర్నాటికి కూలి పెరిగింది. మా అమ్మ దృష్టిలో ఆయన కథ అక్కడే పూర్తయింది. ఆ తర్వాత ఏం జరిగినా దానికి అదనమే.

ఆ తర్వాత జరిగింది తక్కువేమీ కాదు. మామ అడవిలోకి పోయాడు. కొన్నేళ్లలోనే దళానికి నాయకుడయ్యాడు. ఆయన పేరు చెబితే సారా కొట్లు మూతపడేవి. వడ్డీ వ్యాపారులు ప్రామిసరీ నోట్లు వాళ్లంతట వాళ్లే తెచ్చి ఇచ్చేవాళ్లు. పెళ్లాన్ని కొట్టే మగాడు, ఆమె ‘అన్నకు చెబుతా’ అంటే చెయ్యి దించేవాడు. ఇవన్నీ నేను కళ్లారా చూసినవి. ఆయన మీద నాకెంత మంటున్నా, వీటిని కాదంటే నా నోట పురుగులు పడతాయి.

మా ఊరి కొండ వెనక బంజరు ఉండేది. పేరుకు సర్కారుది, సాగు చేసుకునేది ఆసాములు. వాళ్లలో మామ తండ్రి కూడా ఉన్నాడు. ఒకరోజు పట్టపగలు అక్కడ ఎర్రజెండాలు పాతారు. తాడు పట్టి కొలిచి, భూమిలేని ఇళ్లన్నిటికీ పంచారు. తాడు ఒక కొస మామ పట్టుకుంటే రెండో కొస మా నాన్న పట్టుకున్నాడు. మాకు ఎకరన్నర వచ్చింది. భూమి అంటే ఏదో అనుకునేరు, తెల్లరాళ్ల దిబ్బ. అమ్మ రోజూ కూలి నుంచి వచ్చాక పోయి రాళ్లేరేది. ఏరిన రాళ్లతోనే చుట్టూ గట్టు పేర్చింది. మొదట కంది పండింది, ఆ పైన మిరప. మా సొంత మిరపకాయలు కల్లంలో ఆరబోసిన రోజు అమ్మ వాటి పక్కనే చాపేసుకుని కూర్చుంది, కాకుల్ని కూడా వాలనివ్వలేదు. ఆ తెల్లరాయి సిమెంటుకు పనికొస్తుందని అప్పట్లో మాకెవరికీ తెలియదు.

ఆ తర్వాత జరిగిన పొరపాటు మా ఊరివాళ్లు తప్ప ఇంకెవరూ చేసి ఉండరు. ఎమ్మార్వో జీపులో వచ్చి, బడి వరండాలో బల్ల వేయించుకుని కూర్చున్నాడు. సాగులో ఉన్నవాళ్లకు పట్టాలిస్తాం, వచ్చి పేర్లు రాయించుకోండి అని దండోరా వేయించాడు. ఇంకో ఊరయితే ఎగబడేది. మా ఊళ్లో ఒక్కరూ గడప దాటలేదు. ముందురోజే మామ కబురొచ్చింది. ఆ కాగితం తీసుకుంటే భూమి సర్కారుదని ఒప్పుకున్నట్టే, పోరాడి తెచ్చుకున్నదాన్ని బిచ్చంగా తీసుకుంటారా, దున్నేవాడికి నాగలే పట్టా అన్నాడు. ఎమ్మార్వో సాయంత్రం దాకా ఈగలు తోలుకుని వెళ్లిపోయాడు. ఊరంతా నవ్వింది, నేను కూడా నవ్వాను.

గొర్రెలు కాసే తాత ఒకాయన మాత్రం గుట్టుగా ఆఫీసుకు పోయి పట్టా తెచ్చుకున్నాడు. ఆయన్ను ప్రజాకోర్టుకు పిలిచారు. చింతచెట్ల కింద జనమంతా కూర్చున్నాం. ‘ఎందుకు తీసుకున్నావు?’ అని మామ అడిగాడు.

‘భయమయ్యా. నువ్వు ఇయ్యాల ఉంటావు, రేపు యాడుంటావో. కాయితం ఉంటే కాస్త దైర్నంగా ఉండిద్దని’ అన్నాడు తాత.

ఆ కాగితాన్ని తాత చేతనే చింపించారు. ఆ పైన కర్రలతో కొట్టారు. కొట్టినవాళ్లలో మామ లేడు, కొట్టమన్నది మాత్రం మామే. తాత చచ్చేదాకా కుంటుకుంటూనే గొర్రెల వెంట తిరిగాడు. ‘ఆయనేం తప్పు చేశాడమ్మా?’ అని ఇంటికొచ్చాక అడిగాను. ‘అందరూ ఒక దోవన పోతంటే ఒకడు పక్కకు పోతే ఎట్టా? మామకు తెలవదా ఏంది?’ అంది. ఆ రోజు తాత ఒక్కడే నిజం చెప్పాడని ఊరంతటికీ అర్థం కావడానికి చానా ఏళ్లు పట్టింది.

పోలీసులకు మామ దొరకలేదు. మా నాన్న దొరికాడు. తీసుకుపోయి కొన్నాళ్లు ఉంచుకుని పంపించారు. వచ్చాక నాన్న చేతులు భుజాల పైకి లేవలేదు. విల్లు అటకెక్కింది. మామ ఎక్కడున్నాడో నాన్నకు నిజంగానే తెలుసు, చెప్పలేదు. ఆ సంగతి అమ్మ గర్వంగా చెప్పుకునేది. నాన్న మాత్రం దాని గురించి ఎన్నడూ నోరు విప్పలేదు. రెండు మూడేళ్లు మంచంలో ఉండి పోయాడు. దినాలకు మామ రాలేకపోయాడు, బియ్యం బస్తా పంపించాడు.

తర్వాత ప్రభుత్వానికీ వాళ్లకూ మాటలు నడిచిన నెలలు వచ్చాయి. అడవిలోని వాళ్లందరూ బయటికొచ్చి, తుపాకులతోనే సభలు పెట్టారు. ఎక్కడెక్కడి నుంచో లారీలెక్కి జనం వచ్చారు. అప్పటికి నాకు పెళ్లయింది, నరసరావుపేటలో మా ఆయనకు పరుపుల కొట్టు. మామను చూడాలని నేనూ ఊరికి వెళ్లాను. పగటిపూట, అంతమంది మధ్య, ఆయన మా ఇంటికి నడిచొచ్చాడు. జుట్టు నెరిసింది, మనిషి గట్టిగా ఉన్నాడు. అమ్మ కోడిని కోసి, సజ్జరొట్టెలు చేసింది. ఆయన నాన్న మంచం మీద కూర్చున్నాడు. జనం అర్జీలు పట్టుకుని గుమ్మం దాకా బారు కట్టారు. ముసలివాళ్లు కూడా వంగి ఆయన కాళ్లకు దండం పెట్టారు. ఆయన కాళ్లు వెనక్కి తీసుకోలేదు. నాకది ముల్లులా గుచ్చుకుంది. ట్రాక్టర్ ముందు పడుకున్న మామ అయితే ఎగిరి అవతల పడేవాడు. పైగా ఆ రోజు ఆయనకు విడిగా పళ్లెం పెట్టారు, ఆయన అందులో తిన్నాడు. అమ్మ అది గమనించలేదో, గమనించి మింగిందో తెలియదు.

మాటలు తెగిపోయాయి. అడవిని జల్లెడ పట్టారు. మామ పెళ్లి చేసుకున్నది దళంలోని మనిషినే. ఆమె ఎన్‌కౌంటర్‌లో పోయింది. ఆయనతో తిరిగినవాళ్లు ఒక్కొక్కరే పేపర్లో ఫోటోలయ్యారు. చివరికి ఒక పొద్దున ఆయన ఫోటో కూడా వచ్చింది. చచ్చి కాదు, లొంగిపోయి. ఎవరో ఇచ్చిన తెల్లచొక్కా వేసుకుని, అధికారుల మధ్య తల దించుకుని నిలబడ్డాడు. నేను పేపర్ పట్టుకుని ఊరికెళితే అమ్మ ఆ ఫోటో మీద చెయ్యి వేసి, ‘బతికాడు, చాల్లే’ అంది. ఆ రోజు నాకూ అంతే అనిపించింది. అలసిపోయిన మనిషి ఇంటికొస్తే తప్పేముంది?

ఇంటికయితే రాలేదు. అన్నదమ్ములు రానివ్వలేదు. నరసరావుపేటలో ఒక మేడ మీద గది తీసుకున్నాడు. కొన్నాళ్లకు కింద కారు, కారు పక్కన నలుగురు మనుషులు కనపడ్డారు. స్థలాల తగాదాలు, కొట్లు ఖాళీ చేయించడాలు, అన్నదమ్ముల పంపకాలు ఆయన దగ్గరకు వచ్చేవి. ‘సెటిల్‌మెంట్లు’ అనేవాళ్లు. చింతచెట్ల కింద చేసిన పనే ఫ్యాను కింద చేస్తున్నాడు, అప్పుడు పేదవాడి వైపు ఉండేవాడు, ఇప్పుడు ముందు వచ్చినవాడి వైపు ఉంటున్నాడు. జనం అప్పటిలాగే భయపడేవాళ్లు. ‘అన్న’ అనే మాట కూడా పోలేదు, దాని లోపల ఉన్నదే పోయింది.

ఒకరోజు మా కొట్టుకు పరుపు కోసం వచ్చాడు. అడవిలో రాళ్ల మీద పడుకుని నడుం పోయిందనీ, మందంగా కావాలనీ అడిగాడు. ‘విప్లవానికి ఎన్ని అంగుళాలు కావాలి మామా?’ అన్నాను. నా నోరు నా చేతిలో ఉండదు. ఆయన పక్కనున్నవాళ్ల మొహాలు మారాయి. ఆయన మాత్రం నవ్వి, ‘నీకు మీ నాన్న మెతకదనం రాలేదే’ అన్నాడు. నాన్న పేరెత్తేసరికి నాకు ఏడుపొచ్చింది. పరుపు చుట్టి కారు మీద వేయించాను.

ఆ పైన సిమెంటు ఫ్యాక్టరీ వాళ్ల చూపు మా కొండ మీద పడింది. రాయి తవ్వుకోవడానికి కొండా, దాని వెనకున్న మా పొలాలూ కావాలన్నారు. మాట్లాడటానికి వచ్చిన మనిషి మామ. బడి ఆవరణలో కుర్చీ వేసుకుని కూర్చుని, ‘మీ ఎవరి దగ్గరా కాయితాల్లేవు. కోర్టుకు పోయినా నిలవదు. వాళ్లిచ్చేది తీసుకుని ఏలిముద్రలెయ్యండి. నేను కాబట్టి ఈ మాత్రమన్నా ఇప్పిస్తన్నా’ అన్నాడు.

కుంటి తాత కొడుకు లేచాడు. ‘కాయితాలు ఎందుకు లేవో నీకు తెలవదా? తెచ్చుకున్నోణ్ణి ఏం చేశావో గుర్తుందా?’ అన్నాడు.

‘అప్పటి పరిస్థితి వేరు’ అన్నాడు మామ, గొంతు ఏమాత్రం మారకుండా.

వారం తిరక్కుండా ఊరంతా వేలిముద్రలు వేసింది. మా అమ్మ వేయలేదు. మామ స్వయంగా ఇంటికొచ్చి అడిగాడు. ఆమె మంచినీళ్లిచ్చి, ‘నాకు చట్టాలు తెలవవు. ఆ నేల నాది కాదని నువ్వు నమ్ముతుంటే మట్టెత్తుకో. ఎత్తుకుని చుట్టి రా, నేను ఏలిముద్రేస్తా’ అంది.

మా వైపు ఇదొక కట్టుబాటు. గట్టు తగాదా తెగనప్పుడు, పొలం తనదన్నవాడు పొద్దున్నే తలారా నీళ్లు పోసుకుని, తడిబట్టలతో ఆ పొలంలోని మట్టిగడ్డ నెత్తిన పెట్టుకుని హద్దు చుట్టూ నడవాలి. అబద్ధంగా నడిచినవాణ్ణి ఏడాది లోపు ఆ మన్నే మింగుతుందని నమ్మకం. చుట్టు పూర్తిచేస్తే పొలం వాడిదే. మధ్యలో వాడే దించితే ఓడినట్టు. ఎదుటివాళ్లు వెళ్లి దించితే వాళ్లు వదులుకున్నట్టు. కోర్టులో చెల్లని పద్ధతే. కానీ దాన్ని కాదని మళ్లీ నోరెత్తినవాడు మా ఊళ్లో లేడు. ఇట్లాంటివన్నీ మూఢనమ్మకాలని మామ ఎన్ని సభల్లో చెప్పలేదు! అమ్మ ధీమా మన్ను మింగుతుందన్న భయం మీద కాదు. నమ్మినా నమ్మకపోయినా, తన చేత్తో కొలిచి ఇచ్చిన నేలను ఇది నీది కాదు అంటూ ఆయన ఒక్క అడుగు కూడా వేయలేడని ఆమె నమ్మకం. ఫోన్‌లో నాకదే చెప్పింది. ‘వాడు ఎత్తుకోడు, చూడు’ అంది.

మర్నాడు మొదటి బస్సుకు నేను వెళ్లేసరికి జనం గట్ల మీద నిలబడి ఉన్నారు. మామ బూట్లు విప్పి, లుంగీ కట్టుకుని, బోరు దగ్గర బకెట్టుతో నీళ్లు పోసుకున్నాడు. వయసు మీద పడిన ఒళ్లు, వీపు మీద పాత గాయాల మచ్చలు. చలికి వణుకుతున్నాడు. ‘అక్కా, గడ్డ నువ్వే ఇయ్యి’ అన్నాడు. అమ్మ వంగి, ఒక గడ్డ పెకలించి ఆయన చేతికిచ్చింది. ఆయన నెత్తిన పెట్టుకున్నాడు. ‘ఇది ఈమెది కాదు, సర్కారుది. నేను అబద్ధమాడితే ఈ మన్నే నన్ను తినాలి’ అని గట్టిగా అని, నడక మొదలుపెట్టాడు.

తడితలకు మట్టి కరిగి చెంపల మీదుగా కారుతోంది. ఆయన తుడుచుకోలేదు. అమ్మ పేర్చిన రాళ్ల గట్టు పక్కనే, అడుగులు వేసుకుంటూ, ఎక్కడ మలుపు తిరగాలో ఎవరూ చెప్పకుండానే తిరిగాడు. ఆ హద్దులు ఆయనకు తెలియనివి కాదు గదా. అమ్మ వెనకే నడిచింది. మొదటి వైపు అయింది, ఆయన ఆగలేదు. రెండో వైపు అయింది. అమ్మ మొహం చూశాను. అప్పుడే అర్థమైంది నాకు, ఆమె ఇప్పుడు పొలం గురించి ఆలోచించడం లేదు. మూడో వైపు చివర ఆమె పరుగెత్తింది. వెనక నుంచి రెండు చేతులూ చాపి, ఆయన నెత్తిన ఉన్న గడ్డను లాగి కింద పడేసింది.

‘చాల్రా నాయనా, చాలు! పెళ్లాం లేదు, పిల్లల్లేరు, ఉన్న ప్రాణమన్నా ఉంచుకో’ అని కొంగుతో ఆయన మొహం తుడవబోయింది.

ఆయన ఆమె చెయ్యి పక్కకు తీసి, జనం వైపు తిరిగాడు. ‘ఆమే దించింది. అందరూ చూశారుగా’ అన్నాడు. ఆ పైన తువ్వాలు అడిగి తల తుడుచుకున్నాడు. వేలిముద్ర అక్కడే, కారు బానెట్ మీద వేయించుకున్నారు.

ఆ రోజు నేను అమ్మను తిట్టిన తిట్లు శత్రువును కూడా తిట్టను. ‘మతుండే చేశావా? ఇంకొక్క వైపు నడవనిస్తే వాడి పాపాన వాడు పోయేవాడు’ అన్నాను. ‘నిజంగా నడిచాడే. ఆగుతాడనుకున్నా. ఆగలేదే’ అని అదే మాట అంటూ కూర్చుంది. నేలకోసం ఏడవలేదు. నెల తిరిగేసరికి మా మిరపచేను ఉన్నచోట రాయి పగలగొట్టే బాంబులు పేలాయి. ఇంట్లో గిన్నెల మీద తెల్లటి దుమ్ము పేరుకుంటోందని అమ్మను నా దగ్గరికే తెచ్చుకున్నాను. కొట్టుకు ఎవరొచ్చినా, ‘మా తమ్ముడు బాగున్నాడా?’ అని అడిగేది. నాకు ఒళ్లు మండిపోయేది.

ఏడాది నిండలేదు. బైపాస్ పక్కన, ఆయన కారులోనే, నరికి చంపి ఉంటే పొద్దున్నే పొలాలకు పోయేవాళ్లు చూశారు. ఎవరు చంపారో ఇవాళ్టికీ తేలలేదు. ఏదో స్థలం తగాదా అన్నారు. పాత పార్టీవాళ్లు అతను మా మనిషి కాదన్నారు. ఫ్యాక్టరీ వాళ్లు అసలు మాకు తెలియనే తెలియదన్నారు. అన్నదమ్ములు పోలీసులు పిలిపిస్తే వచ్చి, దహనం ఆ రోజే ముగించి వెళ్లిపోయారు. ఒక్క ఎర్రగుడ్డ లేదు, ఒక్క పాట లేదు. ఒకప్పుడు లారీలెక్కి వచ్చిన జనంలో ఒక్కరూ రాలేదు, అక్కడ మా అమ్మా నేనూ మాత్రమే ఉన్నాం. అంత కోపం పెట్టుకున్న నేను కూడా ఏడ్చాను. ట్రాక్టర్ ముందు నుంచి లేచి దుమ్ము దులుపుకున్న కుర్రాడి కోసం ఏడ్చాను.

అమ్మ ఏడవలేదు. ఇంటికొచ్చాక అన్నం కలిపి ముందు పెడితే ముట్టలేదు. నాకు సంగతి అర్థమై, ‘చూడమ్మా, ఆయన్ను చంపింది మనుషులు. ఆయన చేసిన పనులు. మట్టి కాదు’ అన్నాను. మెల్లగానే చెప్పాను, నాకు చేతనైనంత మెల్లగా.

ఆమె తన అరచేతుల వైపు చూసుకుంది.

‘మూడు పక్కలు మొయ్యనిచ్చాగదే. మొదటి మూలలోనే దించితే బతికేవాడు. పొలం మీద ఆశతో నేనే ఆలిస్యం చేశా’ అంది.